మీ బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పండి (బొమ్మ ఒక్కటే పెట్టి వెళ్లిపోవద్దు)

తిరుచానూరు_పెన్సిల్
ఈ బొమ్మకి నాకు 12 రోజులు పట్టింది. మా అవ్వ చింతపండు కొడుతున్న చేతులు. ముఖం వెయ్యలేదు, చేతులు మాత్రమే. ఎడమ చేత్తో కాయ పట్టుకుని, కుడి చేత్తో చిన్న ఇనుప కడ్డీ పెట్టి తట్టి గింజ బయటికి తీస్తుంది. పెళ్లయి ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఇదే పని. చేసి చేసి ఆమె కుడి బొటనవేలు బయటికి వంగిపోయింది. ఆ వంపు కోసమే బొమ్మ మొదలుపెట్టాను. నాలుగుసార్లు చెరిపేసరికి అక్కడ కాగితానికి నూగు లేచింది, చూస్తే మీకూ తెలుస్తుంది.

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొదటి మెసేజ్ "బాగుంది, ఏ యాప్‌తో చేశావ్?" రెండోది "ఏఐనా?" ఇంకొకాయన వాళ్ల మనవడి ఫోటో పంపి, దీన్ని కూడా ఇలాగే మార్చి పెట్టమ్మా అన్నారు. ఎవరూ కావాలని బాధపెట్టలేదు, అది నాకు తెలుసు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వేలు గురించి ఒక్కరైనా అడుగుతారని చూశాను.

అందుకే ఇక్కడికి వచ్చా. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బొమ్మలేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ బొమ్మ ఒకటి పెట్టండి, అది మీకు ఎక్కడ తగిలిందో, ఎందుకు వెయ్యాలనిపించిందో కూడా రాయండి.

పీలేరు_శీను
నేను ముందు వేలే చూశా అక్కా. ఆ తర్వాతే కింద రాసింది చదివా. మా నాయనమ్మకి ఎడమ చెయ్యి వాటం, ఆమెకి ఎడమ వేలు అట్లా ఉండేది.

బెల్లంమండీ_బాబు
మా అమ్మకి చూపించా. "కొత్త పండేనా, కిలో ఎంతంట?" అనింది. అంత నిజంగా ఉంది బొమ్మ.

తిరుచానూరు_పెన్సిల్
@బెల్లంమండీ_బాబు ఇది నాకు ఇంతవరకూ వచ్చిన మెసేజుల్లో బెస్ట్. అవ్వకి చదివి వినిపిస్తా.

డ్రాయింగ్‌మాస్టారు_చిత్తూరు
అమ్మా, చేతులు వెయ్యడం అన్నిటికన్నా కష్టం. ముఖంలో చిన్న తేడా వస్తే పోలిక తగ్గుతుంది. చేతిలో చిన్న తేడా వస్తే అసలు చెయ్యిలా ఉండదు. నువ్వు వేళ్ల కణుపులు ఒక వరసలో కాకుండా వంపులో పెట్టావు, అక్కడే తెలిసిపోయింది చూసి వేసిన బొమ్మ అని. మణికట్టు దగ్గర మాత్రం నీడ తొందరపడి వేసినట్టుంది, ఇంకోసారి చూడు.

ఇక అసలు విషయం. ఈ "ఏ యాప్" ప్రశ్న రావడానికి మనవాళ్లే కొంత కారణం అంటాను. 31 ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పాను. చివరి పదేళ్లలో పిల్లలందరూ ఫోన్‌లో ఫోటో పెట్టుకుని దాన్ని కాగితం మీదకి దించడమే. గోవిందరాజస్వామి గోపురం వెయ్యమంటే 20 మంది వేస్తే 20 గోపురాలూ పైన ముడుచుకుపోయి వచ్చేవి. ఎందుకంటే ఫోన్ పైకెత్తి తీస్తే నిలువు గీతలన్నీ లోపలికి వాలిపోతాయి. ఎదురుగా నిలబడి చూసేవాడి కంటికి గోపురం అట్లా పడిపోతున్నట్టు ఉండదు. ఫోటో నుంచి దించింది బొమ్మ కాదు, నకలు. కోపం వచ్చినా పర్లేదు, ఇదే చెప్తాను.

రేణిగుంట_రాత్రిబండి
మాస్టారూ, గోపురం సంగతి ఒప్పుకుంటా. "నకలు" అనే మాట మాత్రం ఒప్పుకోను. నేను రైల్వేలో పనిచేస్తా, ఎక్కువ రాత్రి డ్యూటీలే. ప్లాట్‌ఫాం మీద నిద్రపోతున్న యాత్రికుల్ని గీస్తా. బండి వచ్చే లోపల 4, 5 నిమిషాలు దొరుకుతాయి. ఆ టైములో ఆకారం వరకు వస్తుంది, దుప్పటి మడతలు రావు. ఒక ఫోటో తీసుకుని ఇంటికెళ్లి మడతలు పూర్తి చేస్తా. ఫోటో లేకపోతే నాకు బొమ్మే లేదు.

ఇది పోయిన నెలది. గుండు చేయించుకున్న నాయన, గుండు చేయించుకున్న ఇద్దరు పిల్లలు. ముగ్గురికీ గంధం ఇంకా ఆరలేదు. పిల్లలు చెరోవైపు ఆయన పొట్ట మీద తలపెట్టి పడుకున్నారు. మూడు గుండ్లు ఒకచోట, ట్యూబ్‌లైట్ వెలుతురు మూడింటి మీదా పడుతోంది. వాళ్ల అమ్మ మాత్రం లడ్డూ కవరు ఒళ్లో పెట్టుకుని మేలుకుని ఉంది. ఆమె మేలుకుని ఉండటం వల్లే వీళ్లు నిద్రపోగలిగారు అనిపించింది. అదే నా బొమ్మ.

నర్సమ్మ_నోట్‌బుక్
బొమ్మ చాలా బాగుంది. కానీ ఒకటి అడగాలి. వాళ్లని అడిగే వేశారా? నిద్రపోయేవాళ్ల ఫోటో తీయడం, అది బొమ్మ కోసమే అయినా, నాకు మనసొప్పదు. నేనూ రాత్రి డ్యూటీలు చేసేదాన్నే, ఆస్పత్రిలో. వార్డు బయట వరండాలో పేషెంట్ల మనుషులు పడుకునే తీరు చూస్తే చెయ్యి ఆగదు. కానీ ఫోన్ తియ్యను. చూసి గుర్తుపెట్టుకుని, రూముకొచ్చాక గీస్తా. ముఖాలు వెయ్యను, ఎవరో ఎవరికీ తెలియకూడదు.

రేణిగుంట_రాత్రిబండి
ఆమెను అడిగా అక్కా. మేలుకుని ఉంది కదా. చూపిస్తే నవ్వి, నా బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసుకుంది. కానీ మీరు చెప్పింది నిజం, అన్నిసార్లూ అడగలేదు. పాత బొమ్మల్లో ముఖాలు తెలిసేవి ఉన్నాయి. వాటిని ఎక్కడా పెట్టను ఇంక.

పీలేరు_శీను
నేను మాస్టారి వైపు సగం, అన్న వైపు సగం. మాస్టారూ, మీ చిన్నప్పుడు చందమామ పుస్తకం ముందు పెట్టుకుని బొమ్మలు వెయ్యలేదా? నిజం చెప్పాలి.

డ్రాయింగ్‌మాస్టారు_చిత్తూరు
వేశాను. నువ్వు పట్టుకున్నావు శీనూ.

చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడు, భుజం మీద శవం, చేతిలో కత్తి. ఆ బొమ్మని ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలైతే వెయ్యడానికే భయం, ఆ రంగులు మా దగ్గర ఎక్కడివి? కింద "వపా" అన్న సంతకం మాత్రం నేర్చుకున్నా. పాపయ్య గారు 1992లో పోయారు. శంకర్ గారు 2020 దాకా ఉన్నారు, 96 ఏళ్ల వయసులో పోయారు. పోయారన్న వార్త చదివిన రోజు పాత పుస్తకాల కట్ట విప్పి ఆ విక్రమార్కుణ్ణి మళ్లీ ఒకసారి వేశాను. చెయ్యి వణికింది.

దాన్ని నకలు అంటావా అని అడుగుతావు. అది నేర్చుకోవడం అంటాను. గీత ఎక్కడ మొదలై ఎక్కడ లావెక్కి ఎక్కడ ఆగిందో ఆయన చెయ్యి వెంట నా చెయ్యి నడిచింది. ఫోటోలో గీత ఉండదు కదా, వెలుగూ నీడే ఉంటాయి. అక్కడ గీత నువ్వే కనిపెట్టాలి. రేణిగుంట అబ్బాయి ముందు 5 నిమిషాలు కళ్లతో చూసి ఆకారం పట్టుకుని, తర్వాత మడతలకి మాత్రం ఫోటో వాడుతున్నాడు. సరే, ఆ పద్ధతి ఒప్పుకుంటున్నా. నా మాట కొంచెం గట్టిగానే వచ్చింది.

కలంకారి_కోడలు
మీరంతా చెరిపి దిద్దడం గురించి మాట్లాడుతుంటే నాకు కుళ్లుగా ఉంది. మాకు చెరపడం లేదు.

నేను శ్రీకాళహస్తి కోడల్ని. పుట్టింట్లో బొమ్మలు తెలీవు, ఇక్కడికొచ్చి అత్తమ్మ దగ్గర కలంకారి, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వెయ్యడం, నేర్చుకున్నా. గుడ్డకి గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఎండబెడతాం. పాలలో కొవ్వు ఉంటేనే రంగు పక్కకి పాకదు. ఆవుపాలు పలచన, సరిగా రాదు అంటారు అత్తమ్మ. నల్ల రంగు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి 3 వారాల దాకా పులియబెడతాం. కలం అంటే వెదురు పుల్ల, మొన పైన ఉన్ని చుట్టి దారంతో బిగించింది. ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరుకి ఈ ఇనుప నీళ్లు తగిలిన చోట నలుపు పుడుతుంది. పుట్టాక దాన్ని తీసే మందు మా దగ్గర లేదు. పొరపాటున చుక్క పడితే ఆ చుక్కని పువ్వు చెయ్యాలి, పిట్టకి కన్ను చెయ్యాలి.

ప్రేరణ అన్న మాట మా ఇంట్లో ఎవరూ వాడరు. రామాయణం గుడ్డ అడిగితే రామాయణం, దశావతారాలు అడిగితే దశావతారాలు. మామయ్య వాళ్ల నాయన వేసిన వరసే మామయ్య వేస్తారు. నేనూ అదే వెయ్యాలి. మొదట్లో చాలా ఉక్కగా ఉండేది, ఇందులో నాది ఏముంది అని. మూడేళ్ల కిందట ఒక పెద్ద గుడ్డ మీద అశోకవనం నాకు వదిలారు. సీతమ్మ కూర్చున్న చెట్టు దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి మా పుట్టింటి వేపచెట్టు వేసేసింది. కింద రెండుగా చీలిన మాను, ఒక పక్కకి ఒరిగిన కొమ్మ, దానికి మేము ఊయల కట్టేవాళ్లం. మామయ్య చూశారు, ఏమీ అనలేదు. మా అమ్మ వచ్చినప్పుడు గుడ్డ ముందు నిలబడి "మన వాకిలి చెట్టు" అనింది. ఏడ్చేశాం ఇద్దరం.

గుడ్డ అమ్ముడుపోయింది. ఫోటో ఒకటి ఉంది, అదే పెడుతున్నా.

తిరుచానూరు_పెన్సిల్
దీనికి ఏం రాయాలో తెలీడం లేదు. ఆ ఒరిగిన కొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశా. సీతమ్మ పుట్టింటి చెట్టు కింద కూర్చుని ఉంది.

బంగారుబల్లి
ఒక డౌట్ అక్కా. తిరుపతిలో షాపుల్లో "కలంకారి" అని చీరలు తక్కువ ధరకే ఉంటాయి, అవి మీవేనా?

కలంకారి_కోడలు
ఎక్కువ భాగం స్క్రీన్ ప్రింట్. దగ్గరపెట్టి చూడండి, రెండు నెమళ్లు ఉంటే రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. చేత్తో వేస్తే ఒక నెమలికి మెడ కొంచెం పొడుగు అవుతుంది. మచిలీపట్నం వాళ్లది వేరే, అది చెక్క అచ్చులతో అద్దేది, అదీ అసలైన కలంకారే. దాన్ని దీన్ని కలిపి తిట్టకండి. మా పక్క చేతి కలంకారి ఈ రోజుకి బతికి ఉందంటే చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారు పట్టుబట్టి 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ పెట్టించడం వల్లే. ఆ కాలంలో నేర్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మా వీధిలో ఆయన పేరు చెప్పి పిల్లలకి కలం ఇస్తారు.

గుడిమల్లం_పిల్లోడు
నాది ఏర్పేడు దగ్గర. గుడిమల్లం పరశురామేశ్వరుడి గుడికి చిన్నప్పటి నుంచి వెళ్తున్నా. తెలియనివాళ్ల కోసం చెప్తా. అక్కడి లింగం మన దేశంలోనే చాలా పాతవాటిలో ఒకటి, క్రీస్తు కన్నా ముందుదని చాలామంది పండితులు చెప్తారు. లింగం ముందువైపు శివుడు నిలబడి ఉంటాడు, రెండు చేతులే. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. వచ్చినవాళ్లందరూ అంతవరకే చూస్తారు.

శివుడు నిలబడింది నేల మీద కాదు. కింద ఒక యక్షుడు గొంతుకూర్చుని ఉంటాడు, అతని భుజాల మీద. నేను ఆయన్నే వేశా.

మా నాయన చిత్తూరు మండీలో హమాలీ. బెల్లం దిమ్మెలు, మామిడి బుట్టలు. మామిడి సీజన్‌లో దామలచెరువు కూడా పోయేవాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే భుజాలు ఎర్రగా కంది ఉండేవి, అమ్మ కొబ్బరినూనె రాసేది. గుళ్లో ఆ యక్షుణ్ణి చూసిన ప్రతిసారీ మా నాయన కూర్చునే తీరే. మోకాళ్లు వంచి, అరచేతులు మోకాళ్ల మీద ఆనించి బలం తీసుకోవడం. బరువెత్తినవాడికే తెలుస్తుంది అలా కూర్చోవడం. అది చెక్కిన శిల్పి కూడా ఎవరో మూటలు మోసేవాణ్ణి చూసే చెక్కి ఉంటాడని నా నమ్మకం. ముఖంలో బాధ నాకు కనపడలేదు. రెండు వేల ఏళ్లుగా మోస్తున్నా కనపడలేదు.

బొమ్మలో యక్షుడి భుజం మీద ఎర్ర కమిలిన మచ్చ పెట్టా. మిగతాదంతా నలుపే, ఆ ఒక్కటే రంగు.

నర్సమ్మ_నోట్‌బుక్
ఆ మచ్చ దగ్గరే ఆగిపోయా తమ్ముడూ. మీ నాయన ఈ బొమ్మ చూశాడా?

గుడిమల్లం_పిల్లోడు
చూశాడు. "ఈయనకి తలపాగా లేదు, తల నొచ్చదా" అన్నాడు. రెండో బొమ్మలో తలపాగా చుడతా.

బెల్లంమండీ_బాబు
అబ్బా. మా మండీలో ఎంతమంది ఉన్నారో అట్లా కూర్చునేవాళ్లు. రోజూ చూస్తున్నా, ఈ రోజు వరకు చూడలేదన్నమాట.

జాతర_రంగులు
తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చే ప్రతి మేలో నేను ఆఫీసుకి సెలవు పెడతా. నా రంగులన్నీ అక్కడివే. ఎలాగంటే, జాతరలో జనం వేషాలు వేసేది రంగులతో కాదు, ఇంట్లో ఉండేవాటితో. బైరాగి వేషం రోజు ఒంటికి నామం సుద్ద, ఊరంతా తెలుపు. బండ వేషం రోజు కుంకుమ, అంతా ఎరుపు. తోటి వేషం రోజు బొగ్గు. దొర వేషం రోజు గంధం. ఒక్కో రోజు ఒక్కో రంగు వీధుల్లోకి దిగుతుంది. ఏ ఆర్ట్ కాలేజీలోనూ చెప్పని పాఠం ఇది, ఒక రోజుకి ఒకటే రంగు తీసుకో, దాని లోతు చూడు అని.

నేను కూడా అట్లాగే చేశా. ట్యూబు రంగులు పక్కన పెట్టి నామం సుద్ద, కుంకుమ, బొగ్గు, గంధం నీళ్లలో బంక కలిపి వాడా. నాలుగు బొమ్మలు. కుంకుమది ఎండకి వెలిసిపోతోంది, అది ఒక్కటే బాధ.

చివరి రోజు విశ్వరూపం అమ్మవారి మట్టి రూపం వెయ్యాలని మూడేళ్లుగా చూస్తున్నా. ఆ మట్టి రూపం చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఆ తోపులాటలో కాగితం తియ్యలేను. గుర్తున్నంత వరకు వేసి చూస్తే ఏదీ నిలవడం లేదు.

వీధినాటకం_మనవడు
@జాతర_రంగులు మట్టి బొమ్మ గురించి అన్నావు కాబట్టి నాది చెప్తా. మా ఊళ్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరున దుర్యోధన వధ. బయలు మీద మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. ఎంత పెద్దదంటే మనిషి ఆయన పొట్ట మీద నడుస్తాడు. భీముడి వేషగాడు ఆ చుట్టూ తిరిగి తొడ మీద కొడతాడు.

నేను వధ వెయ్యలేదు. ముందు రోజు సాయంత్రం వేశా, వాటర్ ట్యాంకు ఎక్కి. మా మామ, ఇంకో నలుగురు ఆయనకి మీసం పెడుతున్నారు. ఒకాయన దుర్యోధనుడి చెంప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. రేపు చచ్చిపోయేవాడికి ఇంత శ్రద్ధగా మీసం దిద్దుతున్నారే అనిపించింది. మర్నాడు ఆ మట్టే జనం ఇంటికి పట్టుకెళ్లి గాదెల్లో వేసుకుంటారు, మా అమ్మ కూడా తెచ్చింది.

నీకు సలహా ఒకటి. జనం ఎగబడే క్షణం కాకుండా, మట్టి తెచ్చుకున్నవాళ్ల పిడికిలి వెయ్యి. అది నిలుస్తుంది.

జాతర_రంగులు
పిడికిలి. మూడేళ్లుగా నాకు తట్టలేదు. మే రానీ అన్నా, నీకే మొదట చూపిస్తా.

బంగారుబల్లి
నాది మనుషుల బొమ్మ కాదు. శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లి. నా పేరు కూడా అందుకే. పగలు రాతి చీలికల్లో దాక్కుంటుంది, నీటిచెమ్మ ఉన్న చోట ఎక్కువ. మగది పసుపులో ముంచి తీసినట్టు ఉంటుంది. రాతికి గుడ్లు గుంపులు గుంపులుగా అంటించి పెడతాయి, తెల్ల ముత్యాలు అతికించినట్టు.

ఎందుకు వేశానంటే, మా అబ్బాయికి బల్లులంటే భయం. మీద పడితే దోషమని ఇంట్లో అందరూ అరవడం చూశాడు. ఈ బొమ్మ వేసి గోడకి పెట్టా. ఇప్పుడు వాడే చుట్టాలకి చూపించి, ఇది మన కొండది, దీన్ని పట్టుకోకూడదు, కొట్టకూడదు అని చెప్తున్నాడు.

పసుపు రంగుతో అవస్థ పడ్డా. నీడకి నలుపు కలిపితే పసుపు ఆకుపచ్చగా మారిపోతుంది. మాస్టారూ, ఏం చెయ్యాలి?

డ్రాయింగ్‌మాస్టారు_చిత్తూరు
నలుపు ముట్టుకోవద్దు. పసుపుకి ఎదురు రంగు ఊదా, దాన్ని చాలా పలచగా కలుపు. లేదా కావి రంగు వాడు. మంచి దళసరి కాగితం, 300 జీఎస్ఎం తీసుకో, లేకపోతే రెండో పూతకే కాగితం ఉబ్బుతుంది.

అలిపిరి_మెట్లు
నా బొమ్మ చిన్నది, కథ కూడా చిన్నదే. 3,550 మెట్లకీ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కిన ఒకామె వెనక నడిచాను. ఆమె నడుము తప్ప ఏమీ కనపడలేదు. గాలిగోపురం దగ్గర కూర్చుని నడుము వేశా. పైన గుళ్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా, దర్శనం అయ్యాక కూడా బయటికొచ్చి గుర్తున్నది వెయ్యాలని చూశా. స్వామి రూపం రాలేదు. దీపం వెలుతురులో నా ముందున్నామె చెవి పోగు వచ్చింది. అదే ఉంచేశా.

పీలేరు_శీను
ఆ చెవి పోగు ఒక్కటీ చూస్తే దర్శనం లైను మొత్తం గుర్తొచ్చింది. వెనకనుంచి తోస్తుంటే ముందున్నవాళ్ల చెవులే కదా కనపడేది.

కలంకారి_కోడలు
@తిరుచానూరు_పెన్సిల్ ఒక మాట రెండు రోజులుగా చెప్పాలనుకుంటున్నా. మేము నల్ల గీతకి ముందు ఆకారం గీసుకునేది చింతబొగ్గుతోనే. చింత పుల్లలు కాల్చి చేసింది. పెన్సిల్‌లా మెరవదు, మెత్తగా సాగుతుంది, పక్షి ఈకతో తుడిస్తే పోతుంది కూడా. నీ బొమ్మలో అవ్వ చేతిలో ఉన్నది చింతపండే కదా. ఆ చెట్టు ఇంకా ఉందా?

తిరుచానూరు_పెన్సిల్
ఉంది! అవ్వ ఊళ్లో, చంద్రగిరి అవతల. బొగ్గు ఎలా చేస్తారు?

కలంకారి_కోడలు
వేలి కన్నా సన్నవి, ఎండిన పుల్లలు తీసుకో. తోలు గీకెయ్. మూత ఉన్న రేకు డబ్బాలో ఖాళీ లేకుండా కూరు. మూతకి మేకుతో ఒకే ఒక్క చిల్లు. కట్టెల పొయ్యిలో పెట్టు, చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ ఆగాక తీసి పక్కన పెట్టెయ్. పూర్తిగా చల్లారే దాకా మూత తెరవకు. వేడిగా తెరిస్తే గాలి తగిలి లోపలే అంటుకుంటుంది.

తిరుచానూరు_పెన్సిల్
ఆదివారం వెళ్లా. మొదటి డబ్బా తొందరపడి తెరిచా, కళ్ల ముందే ఎర్రగా రాజుకుని బూడిదైపోయింది. రెండోది రాత్రంతా వదిలేశా. పొద్దున తెరిస్తే పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి, నల్లగా, తేలిగ్గా. రెండు తగిలితే గాజులా చప్పుడు. 17 పుల్లలు వచ్చాయి.

అక్కడే అరుగు మీద కూర్చుని మళ్లీ వేశా. అవ్వ ఎదురుగా చింతపండు కొడుతూనే ఉంది. 12 రోజులు కాదు, ఒక పూట. చెరపలేదు. మణికట్టు దగ్గర నీడ ఈసారి ఎండని చూసి వేశా మాస్టారూ.

అవ్వకి చూపించా. "నా వేలు ఇంత వంకర లేదు" అనింది. తర్వాత చెయ్యి తుడుచుకుని, వేలు తెచ్చి బొమ్మలో వేలు పక్కన పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. "ఉందిలే" అని మళ్లీ కడ్డీ తీసుకుంది.

రెండు బొమ్మలూ పెడుతున్నా. రెండో దాంట్లో కింద మూల నల్లటి ముద్ర ఉంది చూడండి, అది అవ్వ బొటనవేలిదే. బొగ్గు అంటుకుని పడింది.

డ్రాయింగ్‌మాస్టారు_చిత్తూరు
ఆ ముద్ర చెరపొద్దు. మిగతా బొగ్గు రాలకుండా ఫిక్సేటివ్ కొట్టు, లేకపోతే మూడు నెలల్లో సగం పోతుంది. దూరం నుంచి, పలచగా, రెండుసార్లు.

గుడిమల్లం_పిల్లోడు
అక్కా, 17 పుల్లల్లో ఒకటి నాకు పంపుతావా. నాయన తలపాగా దాంతో వేస్తా.

తిరుచానూరు_పెన్సిల్
మూడు పంపిస్తా. అడ్రసు ఇక్కడ పెట్టకు, విడిగా మెసేజ్ చెయ్.

కలంకారి_కోడలు
మిగిలినవి పట్టుకుని ఒకసారి కాళహస్తి రా. గుడ్డ నానబెట్టి ఉంచుతా. పొద్దున్నే రావాలి, గుడ్డ ఆరడానికి ఎండ కావాలి. అవ్వని కూడా తీసుకురా, అత్తమ్మ చింతబొగ్గు ఇంకోలా చేస్తారు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు.